చెప్పకుండా వచ్చిన ఇల్లు

ఆ ఇంటి నుంచి నేను చెప్పకుండా వచ్చేశానని వాళ్ళు చెప్పుకుంటారు. నిజమే, చెప్పకుండానే వచ్చాను. చావు ఇంటి నుంచి ఎవరైనా చెప్పి వస్తారా? మా వైపు పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. పలకరింపుకి వెళ్తాం, కూర్చుంటాం, కాసేపటికి లేచి వచ్చేస్తాం. వెళ్ళొస్తానని అనం. వాళ్ళు కూడా మళ్ళీ రమ్మని అనరు, గుమ్మం దాకా వచ్చి సాగనంపరు. అలాంటి పని మీద ఆ ఇంటికి ఇంకోసారి రావలసిన అవసరం పడకూడదని. మేం క్రైస్తవులం. ముహూర్తాలూ వర్జ్యాలూ మా తాతల కాలంలోనే మా ఇల్లు వదిలిపోయాయి. ఇది మాత్రం పోలేదు. మా పాస్టరుగారు సైతం చావు ఇంట్లో ప్రార్థన ముగించి, బైబిలు చంకన పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచేవారు. ఆయన్ని మర్యాద తెలియని మనిషి అని ఎవరూ అనలేదు.

నన్ను అన్నారు.

కాకినాడలో నేను ఇరవై ఏళ్ళకి దగ్గరగా నర్సుగా పనిచేశాను. మావారికి అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్ళో చిప్‌లు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం వస్తే వెంట వచ్చాను. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు జీతం తీసుకుని పనిచేయకూడదు. నా నర్సింగ్ లైసెన్సు ఇక్కడ చెల్లదు. రెండు వేసవులు అపార్ట్‌మెంట్‌లో ఏసీ చప్పుడు వింటూ గడిపాక, ఒక హాస్పిస్ సంస్థ వాలంటీర్ల కోసం చూస్తోందని తెలిసింది. ఇక వైద్యం లేదని ఇంటికి పంపేసిన రోగుల పక్కన కూర్చునే పని. ఆ కాసేపు ఇంట్లోవాళ్ళు బయటికి వెళ్ళి పనులు చూసుకుంటారు. జీతం లేదు కనుక వీసాకి అడ్డం లేదు. మొదటి ఇల్లు సరిగ్గా పూర్తి చేసినవాళ్ళని ఆ సంస్థకే ఉన్న చిన్న వార్డుకి పంపుతారని చెప్పారు. నాకు కావలసింది అదొక్కటే. మళ్ళీ ఒక వార్డులోకి అడుగుపెట్టాలి, మంచాల మధ్య నడవాలి.

వాలంటీర్లని చూసే కోఆర్డినేటర్ మొదటి రోజే, ఇంగ్లిష్ టీమ్‌లో ఖాళీలు లేవంది. స్పానిష్ మాట్లాడే ఇళ్ళకే మనుషులు కావాలంది.

"మీకు స్పానిష్ వచ్చా?" అని అడిగింది.

"నేర్చుకుంటాను."

"ఎంత కాలం పడుతుంది?"

"మీ ట్రైనింగ్ మొదలయ్యేది ఎప్పుడు?"

నవ్వింది. ఆ నవ్వు నాకు గుర్తుంది. లైబ్రరీలో ఉచితంగా చెప్పే క్లాసులకి వెళ్ళి, ఇంట్లో గిన్నెలు తోముతూ ఫోన్‌లో పాఠాలు విని, ట్రైనింగ్ నాటికి నాలుగు ముక్కలు మాట్లాడగలిగాను. నా తర్వాత అప్లై చేసిన ఒకావిడని ఇంగ్లిష్ టీమ్‌లో తీసుకున్నారని అప్పటికి తెలిసింది. అడిగితే, మధ్యలో ఖాళీ వచ్చిందన్నారు. ఖాళీ వస్తే ముందు పిలవాల్సింది నన్ను కదా. 

ట్రైనింగ్ ఒక చర్చి వెనక హాల్లో, శనివారాలు. గుమ్మం దాటాక ఇంగ్లిష్ మాట్లాడకూడదని నియమం. ఆ గది బయట పార్కింగ్‌లో ఉన్నది అమెరికా. లోపల నేను మరో దేశానికి వచ్చి పడ్డాను. మిగతావాళ్ళు నవ్వాక అర క్షణం ఆగి నవ్వేదాన్ని. తలనొప్పితో ఇంటికి వచ్చేదాన్ని. ఒకరోజు మావారు అన్నం పెట్టమంటే "ఆరీత" అన్నానట. అంటే ఇప్పుడే, ఒక్క నిమిషంలో అని. "అన్నం అడిగితే తిడతావేంటే" అన్నారాయన.

అక్కడ అందరూ ఇద్దరిద్దరుగా ఒకరు రోగి, ఒకరు వాలంటీర్ అయి నటించాలి. నాకు ప్రతిసారీ రోగి వేషమే ఇచ్చారు. "రోగికి మాటలు అక్కర్లేదు కదా, మీకు తేలిక" అంది కోఆర్డినేటర్. ఇరవై ఏళ్ళు మంచం పక్కన నిలబడ్డ దాన్ని మంచం మీద పడుకోబెట్టి, నోటికి చెంచా ఎలా అందించాలో నా మీదే చూపించారు. ఇంకో రోజు, ఇళ్ళకి వెళ్ళేటప్పుడు సెంటు పూసుకోవద్దని చెప్తూ, "మనలో కొందరి వంటలు ఘాటుగా ఉంటాయి, ఉతికిన బట్టలతో వెళ్ళండి" అంది. ఆ కొందరిలో ఉన్నది నేనొక్కదాన్నే. చెప్పినంత సేపూ నా వైపు చూడకుండా జాగ్రత్తపడింది. చూసి చెప్పినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆమె నేర్పినవాటిలో నాకు నచ్చిందీ ఒకటుంది. ఇంట్లోకి వెళ్ళగానే గదిలో ఎందరుంటే అందరినీ విడివిడిగా పలకరించాలి. వచ్చేటప్పుడు మళ్ళీ ఒక్కొక్కరి దగ్గరా సెలవు తీసుకోవాలి. "ఒక్కరిని వదిలేసినా ఆ ఒక్కరూ గుర్తుపెట్టుకుంటారు" అంది. గుర్తుపెట్టుకునే మనుషులంటే నాకు గౌరవం. అది శ్రద్ధగా నేర్చుకున్నాను.

నాకిచ్చిన మొదటి ఇల్లు మొబైల్ హోమ్‌లు వరసగా ఉండే ఒక కాలనీలో. రేకుల గోడలు, గుమ్మం ముందు మూడు చెక్క మెట్లు, వాటి మీద చెప్పులతో కూడా నిలబడలేనంత వేడి. రోగి ఎనభై దాటిన పెద్దావిడ. కడుపులో క్యాన్సర్. ముందు గదిలోనే ఆసుపత్రి మంచం వేశారు. ఆమె భర్త కిటికీ పక్కన కుర్చీలో కూర్చునేవాడు. చిన్నప్పటి నుంచీ పత్తి చేలల్లో మందులు కొట్టిన మనిషి, ఊపిరితిత్తులు పాడయ్యాయి. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, పక్కన రోజంతా గురకపెట్టే మెషిన్. వాళ్ళ కూతురు స్కూలు క్యాంటీన్‌లో వంటపని చేస్తుంది. నేను వెళ్ళాక తను డ్యూటీకి వెళ్ళి, మధ్యాహ్నం తిరిగొచ్చేది.

పెద్దావిడ మొదటి రోజే అడిగింది. "నువ్వు హిందూవా?"

"కాదు, క్రిస్టియన్ని."

"అదే. హిందూ క్రిస్టియన్."

ఇండియా వాళ్ళందరినీ వాళ్ళు హిందూ అనే అంటారట. అయితే మాత్రం, కాని దాన్ని అవునని ఎలా ఒప్పుకుంటాను? అన్న ప్రతిసారీ దిద్దాను. దిద్దిన ప్రతిసారీ ఆమె నొప్పి పెడుతున్నా పొట్ట పట్టుకుని నవ్వేది. "మొండిదానివి మిహా" అనేది. మిహా అంటే అమ్మాయీ అని. నన్నెవరైనా అలా పిలిచి చాలా ఏళ్ళయింది.

నాకు స్పానిష్ నేర్పింది ఆవిడే. చాలా కఠినంగా నేర్పింది. నేను తప్పు మాట్లాడితే నీళ్ళు తాగేది కాదు. గ్లాసు నోటి దాకా తీసుకెళ్తే పెదాలు బిగించేది. "ఎవరికి నీళ్ళు? మొత్తం చెప్పు." దాహంతో నాలుక పిడచకట్టుకుపోయిన మనిషి, నా క్రియాపదం కోసం ఎదురుచూసేది. సరిగ్గా చెప్పాక తాగేది, కిటికీ వైపు తిరిగి "విన్నావా ముసలోడా" అనేది. ఆయన తల ఊపేవాడు. ఆయన నాతో మాట్లాడిందే తక్కువ. నేను ఇంటికి బయల్దేరేటప్పుడు మాత్రం ప్రతిసారీ చెయ్యి చాపేవాడు. పట్టుకుని "అస్త లుయేగో" అనేదాన్ని. మళ్ళీ కలుద్దాం అని. కూతురికీ అలాగే, ఎవరైనా చుట్టాలుంటే వాళ్ళకీ. ఒక్కరినీ వదల్లేదు. ఇది ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఎండాకాలం ఇంకా పూర్తికాకుండానే ఒక ఉదయం ఆవిడ పోయింది. కోఆర్డినేటర్ ఫోన్‌లో చెప్పి, వెళ్తే వెళ్ళొచ్చు, వెళ్ళకపోయినా పర్వాలేదంది. వెళ్ళకుండా ఎలా ఉంటాను?

నేను వెళ్ళేసరికి ఆవిడ ఇంకా ఆ మంచం మీదే ఉంది. తీసుకెళ్ళే బండి రాలేదు. గదినిండా చుట్టాలు. నిలబడ్డవాళ్ళు, నేల మీద కూర్చున్నవాళ్ళు. నేను కాళ్ళ దగ్గర కుర్చీలో కూర్చున్నాను. కూతురు వచ్చి పక్కన కూర్చుంటే చెయ్యి పట్టుకున్నాను. మాట్లాడలేదు. అలాంటప్పుడు మా వైపు మాటలుండవు. ఎవరో కాఫీ తెచ్చారు, వద్దని తల ఊపాను. శవం ఉన్న ఇంట్లో కాఫీ ఎలా దిగుతుంది? ముసలాయన కిటికీ దగ్గరే ఉన్నాడు. మెషిన్ గురక పెడుతోంది. ఆయన పెదాలు అప్పటికే నీలంగా ఉన్నాయి. కాసేపయ్యాక లేచి, ఎవరి వైపూ చూడకుండా, మెట్లు దిగి వచ్చేశాను. ఇంటికి వచ్చి ఏదీ ముట్టుకోకుండా తలస్నానం చేశాను. తర్వాత ఏడ్చాను.

రెండు రోజులాగి కోఆర్డినేటర్ ఆఫీసుకి రమ్మంది.

"వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది" అంది. "మీరు కాఫీ తీసుకోలేదట. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదట. బస్‌స్టాప్‌లో కూర్చుని లేచినట్టు లేచి వెళ్ళిపోయారట. వాళ్ళ నాన్న చెయ్యి చాపితే దాటుకుని పోయారట."

"ఆయన చెయ్యి చాపడం నేను చూడలేదు."

"అంటే ఆయన అబద్ధం చెప్పాడా?"

"నేను చూడలేదన్నాను. ఆయన గురించి ఏమీ అనలేదు."

మా పద్ధతి ఏమిటో చెప్పాను. నాకు వచ్చిన స్పానిష్ అంతా వాడి చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది. విన్నాక, ట్రైనింగ్ మొదలయ్యాక మొదటిసారిగా నాతో ఇంగ్లిష్‌లో, చాలా అందమైన ఆచారం అంది. అందంగా ఉందా అని నేను అడగలేదు.

"కానీ అది వాళ్ళ ఇల్లు" అంది. "వాళ్ళ ఇంట్లో వాళ్ళ పద్ధతి. మొదటి రోజే నేర్పాను."

"మీరు నేర్పింది బతికున్నవాళ్ళ ఇంటి సంగతి. చావు ఇంటి సంగతి నేర్పలేదు."

"రెండూ ఒకటే."

"మాకు ఒకటి కాదు."

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "చూడండి, వార్డుకి మీ పేరు పంపాలనే ఉంది నాకు. ఈ ఫిర్యాదు ఉండగా పంపలేను. ఒక్కసారి వెళ్ళి సారీ చెప్పి రండి. అంతే."

"వెళ్తాను. ఎందుకలా చేశానో చెప్తాను. సారీ చెప్పను."

"అదే మాట కదా."

"మీకేమో అన్నీ ఒకటే మాటలు" అన్నాను.

ఆ సాయంత్రం మావారికి చెప్తే ఆయనా ఆమె పక్షమే. "ఒక సారీ మొహాన కొడితే పోయేదేముంది? ఆఫీసులో రోజుకి పది చెప్తాను నేను."

"మీరు చెప్పేవి మీ తప్పులకి."

"సగం నావి కావే తల్లీ."

"అయితే అవీ చెప్పకూడదు."

"నీకు వార్డు కావాలా, నీ మాట నెగ్గాలా?"

"రెండూ కావాలి" అన్నాను. అందులో అత్యాశ ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చేయని తప్పు ఒప్పుకోకుండా పని అడగడం పెద్ద కోరికా?

వాళ్ళు కేథలిక్కులు, మనిషి చనిపోయాక తొమ్మిది రోజుల దాకా రోజూ జపమాల చెప్పుకుంటారు. ఆఖరి రోజు సాయంత్రం వెళ్ళాను. మంచం తీసేశారు. ఆ చోట బల్ల వేసి, పెద్దావిడ ఫోటో, పూలు, కొవ్వొత్తులు పెట్టారు. గుమ్మంలోంచి మొదలుపెట్టి అందరినీ పలకరించాను. పలకరించడానికి మాకేం అడ్డం లేదు. ప్రార్థనకి చేతులు కట్టుకుని కూర్చున్నాను. మా చర్చిలో ఆ మాటలు చెప్పరు, అయినా లేచి పోలేదు. ఈసారి కాఫీ ఇస్తే తాగాను. గొడవ పెంచాలని నాకూ లేదు.

అందరూ తింటుండగా కూతురితో పాటు వంటగదిలోకి వెళ్ళాను. తను పళ్ళేలు కడుగుతోంది. నేను తుడవడం మొదలుపెట్టాను.

"మీ మేడమ్ చెప్పింది" అంది తను, నా వైపు తిరక్కుండా. "మీ దేశంలో సెలవు తీసుకోరట."

"ఇలాంటి ఇంట్లో తీసుకోం."

"ఎందుకని?"

"తీసుకుంటే మళ్ళీ రావలసి వస్తుందని."

"వస్తే ఏమైంది? రా. ఎవరొద్దన్నారు? మా అమ్మ నిన్ను రోజూ అడిగేది."

"అలా కాదు. మళ్ళీ ఇలాంటి దానికే రావలసి వస్తుందని."

తను పళ్ళెం కడగడం ఆపింది. నీళ్ళు కారిపోతున్నాయి. వంటగది గుమ్మంలోంచి కిటికీ పక్క కుర్చీ కనబడుతుంది. అటు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"ఎవరికి?" అంది.

నేను చేతిలో పళ్ళెం మళ్ళీ తుడిచాను.

"మా అమ్మ ఇంకా ఆ మంచం మీద ఉండగానే, నువ్వు మా నాన్న వైపు చూశావా?"

"ఆయనకి ఏమీ కాకూడదనే కదా నేను..."

"ఏమీ కాకూడదని అనుకున్నావంటే, అవుతుందని కూడా అనుకున్నావు."

నిజమే. అనుకున్నాను. ఆ పెదాలు చూసిన ఏ నర్సయినా అనుకుంటుంది. అందుకేగా నోరు మూసుకుని వచ్చాను. నోరు మూసుకుంటే మర్యాద లేదన్నారు, నోరు తెరిచి కారణం చెప్తే అంతకన్నా పెద్ద అపచారమైంది.

తను చేతులు తుడుచుకుంది. గొంతు పెంచలేదు. "ఒక పని చెయ్యి. వెళ్ళి మా నాన్నకి చెప్పి వెళ్ళు. అందరి ముందూ చెప్పు. రేపు నేనే మీ మేడమ్‌కి ఫోన్ చేసి, గొడవేమీ లేదంటాను."

ముందు గదిలోకి నడిచాను. తను వంటగది గుమ్మంలో నిలబడింది. తినేవాళ్ళు తినడం ఆపలేదు గానీ మాటలు తగ్గాయి. ఏం జరగబోతోందో వాళ్ళందరికీ తెలుసు. ముసలాయన ముందు నిలబడ్డాను. తొమ్మిది రోజుల్లో సగమైపోయాడు. చొక్కా కాలరు మెడకి దూరంగా నిలబడింది. నన్ను చూసి చెయ్యి చాపాడు. ఈసారి చూశాను. పట్టుకున్నాను. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

రెండు మాటలు, అస్త లుయేగో. ప్రతిసారీ అన్నవే. వాటిని ఆయన భార్య ముందు ఎన్నోసార్లు సరిగ్గా పలికాను. ఒక మాటకి మనిషి చావడని నాకు తెలుసు, ఒక మాట మింగినంత మాత్రాన బతకడనీ తెలుసు. తెలిసి ఉండీ, ఆ రెండూ అనలేకపోయాను.

ఆయన తల ఎత్తి అడిగాడు. "మళ్ళీ ఎప్పుడొస్తావు?"

నేను ఆయన చేతిని గట్టిగా నొక్కి, ఆయన ఒళ్ళో పెట్టేసి, బయటికి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే వెనక తలుపు వేసిన చప్పుడు వినబడింది. గట్టిగా వేయలేదు. మామూలుగానే వేశారు.

కోఆర్డినేటర్ ఫోన్ చేసి, ఈ పనికి మీరు సరిపోరని నిర్ణయించాం అంది. తప్పు ఏమిటో చెప్పమన్నాను. తప్పని అనడం లేదంది. తప్పు కాకపోతే ఎందుకు తీసేశారన్నాను. ఇది తప్పొప్పుల సంగతి కాదంది. ఇరవై ఏళ్ళు మనుషుల పక్కన కూర్చున్న దాన్ని, మనుషుల పక్కన కూర్చోడానికి పనికిరానని తేల్చారు. వార్డు ఎలా ఉంటుందో బయటి నుంచి కూడా చూడలేదు.

చలికాలంలో మళ్ళీ ఆమె దగ్గర నుంచే ఫోన్. స్పానిష్ వచ్చిన వాలంటీర్లు దొరకడం లేదట. ట్రైనింగ్ మొదటి నుంచీ మళ్ళీ చేస్తే తీసుకుంటారట.

"వస్తాను. నేను చేసింది తప్పు కాదని ఆ అమ్మాయికి మీరు చెప్పండి" అన్నాను.

"అది అయిపోయింది. వదిలేద్దాం."

"నేను వదల్లేదు."

ఆమె నిట్టూర్చింది. సరే, ఉంటానంది. పెట్టేయబోతుంటే అడిగాను. "ఆ తాత ఎలా ఉన్నారు?"



"చెప్పకూడదు" అంది. "ఆ కుటుంబం సంగతులు వాలంటీర్లకి మాత్రమే. మీకు రూల్స్ తెలుసుగా."

తెలుసు. నర్సుగా ఉన్నప్పుడు నేనూ ఎందరికో చెప్పలేదు.

వెళ్ళి చూసి రావచ్చుగా, పది నిమిషాల దూరం అంటారు మావారు. ఉంటే కిటికీలోంచి కనబడతాడు అంటారు. అందుకే ఇండియన్ స్టోర్‌కి వెళ్ళేటప్పుడు ఆ రోడ్డు మీదుగా కారు పోనివ్వద్దని ఆయనకి చెప్పాను. ఆయన మర్చిపోయి అటు తిప్పితే, ఆ కాలనీ దాటేదాకా నేను ఒళ్ళో సంచీ వైపు చూస్తూ కూర్చుంటాను.